పళ్లూడిన మిషను

శ్రావణమాసం ఇంకో వారం ఉందనగా మా పిన్ని కుట్టుమిషను మొరాయించింది. చక్రం తిప్పితే సూది దిగుతోంది, లేస్తోంది. కుట్టు మాత్రం పడటం లేదు. పక్కనేమో పీకోకి వచ్చిన చీరలు డజను!

జగ్గయ్యపేటలో ఉండే పిన్నిది పాతికేళ్లనాటి జిగ్‌జాగ్ మిషను. చీరలకు ఫాలు, పీకో, చొక్కాలకు కాజాలు... ఇంటి ఖర్చులో సగం దాని మీదే గడుస్తుంది. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, బస్సెక్కి నందిగామ తీసుకెళ్తే 'లోపల గేరు పోయిందమ్మా. ఇంత పాతదానికి సామాను దొరకదు. తూకానికి వేసేయండి' అన్నారట. 'అత్తగారి నల్లమిషను అరవై ఏళ్లుగా ఆడుతోంది కదా, దీనికేం రోగం?' అన్నది పిన్ని బాధ.

రోగం లోపలి పళ్లలో ఉంది. 1930ల్లో కలకత్తాలో తయారీ మొదలైన ఉషా లాంటి నల్లమిషన్లలో కదిలే భాగాలన్నీ లోహమే. అప్పుడప్పుడూ చుక్క నూనె వేస్తే చాలు. జిగ్‌జాగ్ మిషన్లు చాలావరకు అలా కాదు. 1960ల నుంచే సింగర్ వంటి కంపెనీలు కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ గేర్లు పెట్టాయి. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పాత గ్రీజు మైనంలా గట్టిపడి మిషను బరువుగా తిరుగుతుంది. ఏ జీన్స్ ప్యాంటు మడత దగ్గరో పన్ను విరుగుతుంది. ఒకందుకు అదీ మేలే. చిన్న గేరు పోయి, ఖరీదైన ఉక్కు భాగాలు దక్కుతాయి. కాబట్టి గేరు పోతే మిషను పోయినట్టు కాదు.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకేచోట 'టక్' మంటే పన్ను విరిగి ఉండొచ్చు. సూది ఆడుతున్నా కింద షటిల్ కదలకపోతే అనుమానం గేరు మీదే. మిషను అడుగున ప్లాస్టిక్ ముక్కలు రాలి ఉంటే ఇక సందేహమే లేదు.

విప్పేముందు ప్లగ్గు తీసేయండి. అడుగు మూత తీశాక, ఏ స్క్రూ వదులు చేయకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. ముదిరిన గ్రీజును అగ్గిపుల్లతో గీకి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. పెట్రోలు, కిరోసిన్ పోయొద్దు. విరిగిన ముక్క ఒక్కటి పళ్ల మధ్య మిగిలినా కొత్త గేరుకూ అదే గతి.

కొత్తది కొనేటప్పుడు మోడల్ నంబరు చెప్పండి, పాత గేరు చూపించి పళ్లు లెక్కపెట్టించండి. దానితో కలిసి తిరిగే జోడీ గేరు అరిగి ఉంటే అదీ మార్చాల్సిందే. బిగించాక పళ్ల మధ్య ఇసుమంత సందు ఉండాలి. మరీ బిగిస్తే మిషను బరువెక్కుతుంది. ప్లాస్టిక్‌కు పడే గ్రీజు అని అడిగి, పళ్లకు పలచగా రాయండి.

అసలు పని ఆ తర్వాతే ఉంది. సూది అట్టడుగుకు వెళ్లి రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా పైకి లేచేసరికి షటిల్ కొన సూది వెనక్కి రావాలి. సూది బెజ్జానికి కొంచెం పైనుంచి పోతూ దారాన్ని అందుకోవాలి. ఇది తప్పితే గేరు కొత్తదైనా కుట్టు పడదు. చేయి తిరగనివాళ్లు ఈ ఒక్క పనీ మెకానిక్‌కు వదిలేయడం మంచిది. మోటారు వేసేముందు చేత్తో పదిసార్లు తిప్పి చూడటం మరచిపోవద్దు.

ఇంతకీ పిన్ని మిషను తూకానికి వెళ్లలేదు. బెజవాడలో ఓ పాత దుకాణంలో గేరు దొరికింది. జగ్గయ్యపేటలోనే ఉన్న ఓ పెద్దాయన మధ్యాహ్నమంతా కూర్చుని అమర్చారు. మూత వేస్తూ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: 'ఇందులో కొబ్బరినూనె పోశారా తల్లీ?'

పిన్ని తలొంచుకుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుగా మారి మిషన్ను పట్టేస్తుందట. లోహపు కీళ్లకు వేయాల్సింది మిషను నూనే, అదీ ఒక్కో చుక్క.

వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందే చీరలన్నీ ఎవరివి వాళ్లకు చేరాయి. మిషను పక్కనుండే కొబ్బరినూనె సీసా అద్దం దగ్గరికి చేరింది. దాని చోటు అదే మరి!