త్రీనాట్‌త్రీ పోలికలో పౌర రైఫిల్

పౌరులు లైసెన్సుపై కొనే .315 రైఫిల్‌ను చూడగానే పాత పోలీసు త్రీనాట్‌త్రీ అనిపిస్తుంది. పోలిక ఊరికే రాలేదు. ఆ త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నిర్మాణాన్నే ఆధారం చేసుకుని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని తయారుచేసింది. తేడా అంతా తూటాలోనే. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆ కొలతను వారికి నిషేధించింది, దాంతో వేరే కొలత వచ్చింది. పాలకుల భయం ఇనుములో అలా మిగిలిపోయింది.

కొత్తగా చేతికి తీసుకుంటే ముందు తెలిసేది బరువు, ఆ తర్వాత బోల్టు. దాన్ని ముందుకు తోసి మూసేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది, అందుకే చివర్లో చెయ్యి కాస్త గట్టిగా ఆనించాలి. అలవాటు లేనివారికి ఇది లోపంలా తోస్తుంది, కాదు. అసలు చూడవలసింది బారెల్ లోపలి గాట్లు. పైమెరుగును చూసి మురిసిపోతే లోపలి తుప్పు కనబడదు. చల్లపల్లి వంటి తీరప్రాంతపు తేమలో నూనె గుడ్డ పక్కన పెట్టడానికి వీల్లేదు.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ ఒక్కొక్కరికి రెండు ఆయుధాల పరిమితి పెట్టింది. ఎన్నికలొస్తే, మినహాయింపు లేనివారు తుపాకీని ఠాణాలో జమచేయవలసి వస్తుంది.