గెలుపు నోట మన గాజులు

ఎన్నికల ఫలితాలొచ్చిన సాయంత్రం, భారత్-పాకిస్తాన్ మ్యాచ్ ముగిసిన రాత్రి మన వీధుల్లో వినిపించే భాషని ఒక్కసారి శ్రద్ధగా వినండి. గెలిచినవాడు తొడ కొడతాడు, మీసం మెలేస్తాడు. ఓడినవాడికి మాత్రం గాజులు తొడుక్కోమనీ, చీర కట్టుకోమనీ సలహా. బరిలో ఒక్క ఆడమనిషి లేకపోయినా అవమానానికి కావలసిన సరుకంతా మన ఒంటి మీద నుంచే పోతుంది. ఓడిపోవడమంటే ఆడదైపోవడమేనన్న నమ్మకం మీద నిలబడింది ఈ విజయగర్వం.

గెలిచినవాళ్లు సంతోషపడకూడదని నేననను. డప్పు కొట్టండి, స్వీట్లు పంచండి. నా పేచీ అవతలివాడు ఏడిస్తే తప్ప కడుపు నిండని సంతోషంతోనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175కి 151 స్థానాలు గెలిచిన పార్టీ 2024లో 11కి దిగింది. 2019లో 23తో మిగిలిన పార్టీ 2024లో మిత్రపక్షాలతో కలిసి 164 గెలిచింది. కుర్చీలు మారాయి, ఎగతాళి మాత్రం అదే. 2021 నవంబరులో తన భార్యను కించపరిచారంటూ ప్రతిపక్ష నాయకుడు సభ వదిలి వెళ్లి కన్నీళ్లు పెట్టుకున్నారు. ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానన్నారు, 2024లో వచ్చారు. శపథం నెరవేరిందన్న సంబరంలో అసలు ప్రశ్న కొట్టుకుపోయింది: మగవాళ్ల రాజకీయ తగాదాలో గెలుపోటములు లెక్కపెట్టడానికి ఆడవాళ్ల పరువు ఎందుకు కొలబద్ద కావాలి?

ఈ వెకిలి ఆనందానికి సొంత గెలుపు కూడా అక్కర్లేదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్ హాకీలో ఆ ఘనత సాధించిన తొలి భారతీయురాలు ఆమె. ఆగస్టు 4న సెమీఫైనల్లో మన జట్టు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడింది. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు అగ్రకులాల మగవాళ్లు టపాసులు కాల్చారు, గంతులేశారు, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందన్నారని ఆ కుటుంబం ఫిర్యాదు చేసింది. దేశభక్తి ఏమైంది? కులం ముందు, ఆడదాని ఎదుగుదల ముందు దేశం ఓడినా వాళ్లకి పండగే.

స్త్రీలు సహజంగా దయామయులని చెప్పి తప్పించుకోలేం. 2022 మార్చి ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌ని 107 పరుగుల తేడాతో ఓడించాక మన అమ్మాయిలు ప్రత్యర్థి కెప్టెన్ బిస్మా మరూఫ్ చంటిబిడ్డ చుట్టూ చేరి ముద్దు చేశారు. 2025 అక్టోబరులో కొలంబోలో 88 పరుగులతో గెలిచి, చేతులు కలపకుండా వెళ్లిపోయారు. సెప్టెంబరులో పురుషుల జట్టు వేసిన బాట అది. పహల్గామ్ దుఃఖం చిన్నది కాదు. కానీ ఆ దుఃఖాన్ని తోటి క్రీడాకారిణుల చేతుల మీద తీర్చుకోవాలా?

చివరగా మన ఇంటి సంగతి. పనిచేయని అధికారికి గాజులూ చీరలూ పట్టుకెళ్లి ఇచ్చేది చాలాసార్లు పార్టీల మహిళా విభాగాలే. కెమెరాల ముందు నవ్వుతూ ఇస్తారు. ఆ గాజుల చేతులతోనే నాట్లేస్తున్నాం, బీడీలు చుడుతున్నాం, పాఠాలు చెబుతున్నాం, రాస్తున్నాం. చేతకానితనానికి గుర్తుగా వాటిని మనమే ఊరేగిస్తే, రేపు మనం గెలిచినా ఆ గెలుపు వాళ్ల భాషలోనే మాట్లాడుతుంది.