మొదటి పెడల్ కొంటున్నారా? ముందు మీ యాంప్‌ని అడగండి

ఎలక్ట్రిక్ గిటార్ కొన్న అయిదారు నెలలకి దాదాపు అందరికీ ఒక జ్వరం వస్తుంది. నాలుగు కార్డ్స్ వచ్చేసి ఉంటాయి, ఒకటి రెండు రిఫ్‌లు కూడా వేళ్లకి ఎక్కి ఉంటాయి. కానీ యూట్యూబ్‌లో వినిపించే సౌండ్ మాత్రం మన యాంప్‌లోంచి రాదు. ఇక రాత్రి పదకొండింటికి పెడల్ డెమో వీడియోలు మొదలు. ఒకటి చూస్తే పది వస్తాయి. గిటారిస్టులు ఈ జ్వరానికి పెట్టుకున్న ముద్దుపేరు 'గ్యాస్'. గేర్ అక్విజిషన్ సిండ్రోమ్ అన్నమాట. మన దగ్గర గ్యాస్ కొట్టడం అంటే ఏంటో మీకు తెలుసు. ఆ డెమో వీడియోల్లో రెండు రకాల గ్యాసూ ఉంటుంది.

నవ్వులాట పక్కన పెడితే, ఇది చిల్లర ఖర్చు కాదు. పేరున్న కంపెనీ పెడల్ ఒకటి కొనాలంటే, మొదటి గిటార్‌కి పెట్టిన డబ్బులో పెద్ద ముక్కే మళ్లీ పెట్టాలి. ట్యూషన్లు చెప్పుకుని, స్టైపెండ్‌లో మిగిల్చుకుని దాచిన డబ్బు అది. సరిపడని పెడల్ మీద పోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆర్నెల్లలో చాలా గిటార్లు బీరువా పక్కకి చేరిపోతాయి. అందుకే ఈ వారం మొదటి పెడల్ సంగతి. 'ఏ పెడల్ కొనాలి' అని అడిగే ముందు 'నా దగ్గరున్న యాంప్ ఎలాంటిది' అని అడగాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అసలు పెడల్ ఏం చేస్తుంది? గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది. యాంప్‌కి వెళ్లే దారిలో పెడల్ దాన్ని పట్టుకుని, ఆకారం మార్చి వదులుతుంది. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ మూడూ ఒకే కుటుంబం. మూడూ సిగ్నల్ తలా తోకా కత్తిరించేవే. కొండలా లేచే అలని పైన చదును చేసేస్తే అందులోంచి కొత్త హార్మోనిక్స్ పుడతాయి. మనకి నచ్చే ఆ గరగర అదే. నెమ్మదిగా గుండ్రంగా కత్తిరిస్తే ఓవర్‌డ్రైవ్, ఠక్కున నరికితే డిస్టార్షన్, మొరటుగా నలిపేస్తే ఫజ్.

ఈ గరగర మొదట ఒక రిపేరు కేసు. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డ్ చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ సోలో అందులోంచి బొంగురుగా వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచారు. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ తర్వాత అదే సౌండ్ కావాలని తెచ్చే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్‌గా అది బయటికొచ్చింది. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక కథ మారిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు ఏ డెమో చూసినా, ఏ గిటారిస్ట్‌ని అడిగినా ముందు వినిపించే పేరు ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్. ఆకుపచ్చ డబ్బా. స్టీవీ రే వాన్ చేతిలో దాని పేరు మోగిపోయింది. మంచి పెడలే, అందులో అనుమానం లేదు. కానీ అది బాగా పనిచేసేది వాల్వ్ యాంప్‌తో, అంటే లోపల గాజు ట్యూబులు ఎర్రగా కాలుతుండే పాత పద్ధతి యాంప్‌తో. ఆ యాంప్ అప్పటికే కొంచెం గరగరలాడుతూ ఉంటుంది. ట్యూబ్ స్క్రీమర్ బేస్ తగ్గించి, మధ్య స్థాయి శబ్దాలని ముందుకి తోసి, దాన్ని ఇంకాస్త నెడుతుంది. అంటే మీరు వీడియోలో విన్న సౌండ్‌లో సగానికి పైగా ఆ యాంప్‌దే.

మనలో ఎక్కువమంది దగ్గరున్నది 10 వాట్లదో 15 వాట్లదో ట్రాన్సిస్టర్ ప్రాక్టీస్ యాంప్. స్పీకర్ అయిదారు అంగుళాలు. అందులో బేస్ ముందే తక్కువ. దానికి బేస్ తగ్గించే పెడల్ తగిలిస్తే? జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టు ఉంటుంది. పెడల్ తప్పు కాదు, యాంప్ తప్పూ కాదు. జత కుదరలేదు, అంతే.

మీ యాంప్‌లో క్లీన్ సౌండ్ మాత్రమే బాగుండి, గెయిన్ ఛానెల్ లేకపోయినా, ఉన్నా వినబుద్ధి కాకపోయినా, మీకు కావాల్సింది తన పని తానే పూర్తిగా చేసుకునే డిస్టార్షన్ పెడల్. బాస్ డీఎస్-1 అలాంటిది. నారింజ రంగు డబ్బా, 1978 నుంచి వస్తోంది. నిర్వాణ కర్ట్ కొబైన్ వాడింది ఇదే. స్టీవ్ వై లాంటి మహా టెక్నీషియన్ కూడా ఇదే వాడాడు. ఇంకోటి ప్రోకో ర్యాట్, నల్ల డబ్బా. కొంచెం మోటుగా, కొంచెం ముదురుగా ఉంటుంది. గెయిన్ తక్కువ పెడితే ఓవర్‌డ్రైవ్‌లా, మొత్తం తిప్పేస్తే ఫజ్‌లా అవుతుంది. ఒక్క చిన్న మెలిక ఉంది. దాని ఫిల్టర్ నాబ్ కుడివైపు తిప్పితే సౌండ్ మెరవదు, మూసుకుపోతుంది. షాపులో ఈ సంగతి తెలియక ర్యాట్ బాలేదని వచ్చేసేవాళ్లు ఉంటారు. రెండింట్లో నా ఓటు ర్యాట్‌కే. కానీ జేబు డీఎస్-1 అంటే వాదించను.

ఇంకో రకం యాంప్ ఉంది. ఫెండర్ మస్టాంగ్, బాస్ కటానా లాంటివి. లోపలే డిస్టార్షన్లు, డిలేలు, రివర్బ్‌లు బోలెడు. ఇది మీ దగ్గరుంటే మొదటి పెడల్‌గా డిస్టార్షన్ కొనడం, ఇంట్లో కుక్కర్ ఉండగా ఇంకో కుక్కర్ కొనడమే. ఒక నెల ఆగండి. లోపలున్న ఎఫెక్ట్స్ అన్నీ తిరగేయండి. నెలాఖరుకి మీకు తెలియకుండానే రోజూ ఆన్ చేస్తున్న ఎఫెక్ట్ ఒకటి ఉంటుంది. మీకు నిజంగా అవసరమైంది అదే. యాంప్‌లో ఉన్నదానికన్నా మంచిది కావాలనిపిస్తే అప్పుడు ఆ ఎఫెక్ట్‌కే పెడల్ చూడండి.

అసలు యాంపే లేదు, ఫోన్‌లో యాప్‌తో వాయిస్తున్నాం అనేవాళ్లకి కూడా ఇదే మాట. ఒక్క జాగ్రత్త: బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వాయించొద్దు. మీటిన స్వరం ఆలస్యంగా చెవికి చేరుతుంది. దానికి సర్దుకోబోయి చేతి లయ పాడవుతుంది. వైర్ ఉన్నదే వాడండి.

సరే, డిస్టార్షన్ యాంప్‌లోనే ఉంది, మరి మొదటి పెడల్ ఏది? లూపర్. ఈ మాట చెబితే చాలామంది మొహం చిన్నబోతుంది. లూపర్ సౌండ్ ఏమీ మార్చదు కదా అని. నిజమే, మార్చదు. ఒకసారి తొక్కితే మీరు వాయించేది రికార్డ్ చేస్తుంది, మళ్లీ తొక్కితే అదే తిరిగి తిరిగి వినిపిస్తుంది. దాని మీద మీరు లీడ్ వాయించుకోవచ్చు. టీసీ ఎలక్ట్రానిక్ డిట్టోకి ఉన్నది ఒకే ఒక్క నాబ్, అయిదు నిమిషాల దాకా రికార్డ్ చేస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయించుకునేవాడికి ఒక బ్యాండ్ దొరికినట్టే.

లూపర్‌తో అసలు లాభం తాళంలో ఉంది. నాలుగు బార్ల తర్వాత సరిగ్గా సమం మీద, అంటే తర్వాతి ఆవృతంలో మొదటి దెబ్బ మీద, కాలు పడాలి. ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా లూప్ తిరిగొచ్చిన ప్రతిసారీ తొట్రుపడుతుంది. మీ టైమింగ్ ఎలా ఉందో స్నేహితులు మొహమాటానికి చెప్పరు. లూపర్‌కి మొహమాటం లేదు. మొదటి వారం చిరాకేస్తుంది. మూడో వారానికి కాలు దానంతటదే పడుతుంది.

ఒక పని చేసి చూడండి. అయిదో తీగని ఏమీ నొక్కకుండా, నాలుగో తీగని రెండో ఫ్రెట్ దగ్గర నొక్కి, రెండూ కలిపి నెమ్మదిగా మీటుతూ లూప్ చేయండి. సా, పా దొరికాయి. తంబూర లాంటి శృతి. దాని మీద ఏ, బీ, సీ షార్ప్, ఈ, ఎఫ్ షార్ప్ స్వరాలు మాత్రమే వాయిస్తే మీరు వాయించేవి మోహనం స్వరాలు. వెస్టర్న్ టీచర్ దీన్నే మేజర్ పెంటటోనిక్ అంటాడు. రాక్ గిటారిస్టులు పొద్దస్తమానం వాయించే మైనర్ పెంటటోనిక్ స్వరాలు మన శుద్ధ ధన్యాసివి. గమకాలు వేరే సంగతి, కానీ స్వరస్థానాలు అవే. అమ్మమ్మ దగ్గర చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన సంగీతం ఎవరికైనా ఉంటే అది ఇక్కడ పనికొస్తుంది.

మిగతా పెడల్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. డిలే రెండో పెడల్‌గా బాగుంటుంది. పాట వేగం నిమిషానికి 120 బీట్లయితే ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, 375 పెడితే యూ2 ఎడ్జ్ తరహా గలగల వస్తుంది. డిలేని ఎప్పుడూ డిస్టార్షన్ తర్వాతే పెట్టండి. ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి నలిగి ముద్దవుతాయి. కోరస్, ఫ్లాంజర్ పాటలో ఒక్కచోట అందం. వా పెడల్ మోజు మూడు వారాలు. ట్యూనర్ పెడల్ స్టేజ్ ఎక్కినప్పుడు కొనొచ్చు, ఇంట్లో అయితే తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ చాలు. అన్నీ ఒకే డబ్బాలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్? డబ్బుకి లెక్క వేస్తే అదే లాభం. కాకపోతే ప్రాక్టీస్ గంటలో నలభై నిమిషాలు మెనూల్లోనే పోతాయి. మీకు అంత నిగ్రహం ఉందనుకుంటే నిరభ్యంతరంగా కొనండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. వాళ్ల పెద్ద వాల్వ్ యాంప్ మీద వినొద్దు, మీ ఇంట్లో ఉన్నలాంటి చిన్న యాంప్‌కి పెట్టమనండి. ఇంకో ముఖ్యమైన సంగతి. పెడల్ ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు సౌండ్ ఒకే స్థాయిలో ఉండేలా లెవెల్ నాబ్ సర్దుకున్నాకే పోల్చండి. గట్టిగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, మన చెవికి ఆ బలహీనత ఉంది. ఒక్కో తీగ మీద కాకుండా పూర్తి జీ కార్డ్ కొట్టి చూడండి. ఆరు తీగలూ విడివిడిగా తెలుస్తున్నాయా, పప్పుచారులా కలిసిపోయాయా? తర్వాత గిటార్ మీది వాల్యూమ్ సగానికి తగ్గించండి. గరగర తగ్గి సౌండ్ శుభ్రపడితే మంచి గుర్తు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే నాబ్‌లన్నీ తిప్పుతూ వినండి. కొంచెం బరబర అంటే దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. జాక్ కదిపినప్పుడు సౌండ్ ఆగుతుంటే బేరం ఆపేయండి.

పెడల్ ధర ఒక్కటే లెక్కేసుకుంటే ఇంటికొచ్చాక దెబ్బ తింటారు. ఇంకో కేబుల్ కావాలి, గిటార్ నుంచి పెడల్‌కి ఒకటి, పెడల్ నుంచి యాంప్‌కి ఒకటి. అడాప్టర్ కావాలి. ఇప్పుడొచ్చే పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీతో, పిన్ మధ్యలో నెగెటివ్ ఉండే అడాప్టర్‌తో నడుస్తాయి. ఇంట్లో పాత కీబోర్డ్ అడాప్టర్ సరిగ్గా పట్టిందని గుచ్చేయకండి. దాని పోలారిటీ తిరగబడి ఉంటే పెడల్ కాలిపోవచ్చు. అడాప్టర్ మీద గుర్తు ఉంటుంది, పెడల్ మీదా ఉంటుంది, రెండూ ఒకటేనా చూసుకోండి. బ్యాటరీతో వాడేవాళ్లు వాయించడం అయిపోగానే ఇన్‌పుట్ కేబుల్ పీకేయాలి. అది గుచ్చి ఉన్నంతసేపూ లైటు ఆర్పినా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది.

తగిలించగానే గుయ్యిమని శబ్దం వస్తే పెడల్ పాడైందని కంగారుపడకండి. డిస్టార్షన్ మీ గిటార్‌నే కాదు, గదిలో ఉన్న గోలని కూడా పెంచుతుంది. ముందు ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడండి, తర్వాత ట్యూబ్‌లైట్. ఫోన్ ఛార్జర్ దూరంగా పెట్టండి. గిటార్ పట్టుకుని ఉన్నచోటే కొంచెం అటూ ఇటూ తిరిగినా తేడా తెలుస్తుంది, సింగిల్ కాయిల్ పికప్‌లున్న గిటార్లకైతే మరీను. హాస్టళ్లలో, పాత ఇళ్లలో ప్లగ్‌కి ఎర్తింగ్ లేకపోవడం కూడా పెద్ద కారణం. తీగల మీద చెయ్యి వేస్తే గుయ్‌మనడం తగ్గి, తీస్తే పెరగడం ఎర్తింగ్ సరిగ్గా ఉన్నా జరగొచ్చు, కానీ ప్లగ్‌కి ఎర్తింగ్ లేకపోతే మాత్రం ఆ సంగతి ఇంటి ఓనర్‌తో మాట్లాడాల్సిందే. షాక్ కొట్టే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు.

ఇక డీఎస్-1 తెచ్చుకున్నవాళ్లకి మొదటి రాత్రి సెట్టింగ్. యాంప్ క్లీన్ ఛానెల్‌లో, ట్రెబుల్ సగానికి కిందే. పెడల్ మీద డిస్టార్షన్ నాబ్ గడియారంలో పది గంటల దగ్గర, టోన్ తొమ్మిది గంటల దగ్గర. టోన్ నడిమధ్య దాటితే చిన్న స్పీకర్‌లో చెవి దగ్గర దోమ మోగినట్టే ఉంటుంది. లెవెల్ క్లీన్ సౌండ్‌కి సమానంగా. రెండు నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, మర్నాడు పొద్దున వినండి. రాత్రి నచ్చింది పొద్దున గీసినట్టుగా అనిపిస్తే, టోన్ ఇంకాస్త ఎడమకి.