తునీషా పేరు మీద బహస్, తునీషా లేకుండా

తునీషా శర్మ మౌత్ మీద దేశమంతా బహస్ నడిచింది. అందులో తునీషా మాత్రం లేదు. నా షికాయత్ ఇదే. సగం టీవీ యాంకర్ల మీద, సగం మన మీద.

ముందు ఆ బచ్చీ ఎవరో చెప్పుకుందాం. 2002 జనవరి 4న చండీగఢ్‌లో పుట్టింది. 2015లో, 13 ఏళ్ల వయసులో, సోనీలో వచ్చిన 'మహారాణా ప్రతాప్' సీరియల్‌తో కెమెరా ముందుకొచ్చింది. తర్వాత 'చక్రవర్తిన్ అశోక సమ్రాట్'లో రాజకుమారి అహంకార. 2016లో 'ఫితూర్', 'బార్ బార్ దేఖో' సినిమాలు. రెండింట్లోనూ కత్రినా కైఫ్ చిన్నప్పటి పాత్రే. 'ఇంటర్నెట్ వాలా లవ్'లో హీరోయిన్, 'ఇష్క్ సుభాన్ అల్లా'లో జారా, 2022లో సబ్ టీవీ 'అలీబాబా: దాస్తాన్-ఎ-కాబుల్'లో షెహజాదీ మరియం. అదే ఏడాది డిసెంబర్ 24న, ముంబయి శివార్లలోని ఆ సీరియల్ సెట్‌లోనే ప్రాణం తీసుకుంది. 21వ పుట్టినరోజు ఇంకా 11 రోజుల దూరంలో ఉంది.

మరునాడే తోటి నటుడు షీజాన్ ఖాన్ గిరఫ్తార్ అయ్యాడు. తల్లి ఫిర్యాదు మీద, ఆత్మహత్యకు ప్రేరేపించాడని సెక్షన్ 306 కింద కేసు. ఇద్దరి మధ్య ప్రేమ ఉండేదని, కొన్నాళ్ల ముందే తెగిపోయిందని పోలీసులు చెప్పారు. 'ఖాన్' అన్న పేరు చెవిన పడగానే స్టూడియోల్లో 'లవ్ జిహాద్' మొదలైంది. మహారాష్ట్ర మంత్రి ఒకరు కూడా అదే మాట అందుకున్నారు. అలాంటిదేమీ ఇప్పటిదాకా కనబడలేదని పోలీసు అధికారి చెప్పినా వినేవాడెవడు? అతనికి జమానత్ దొరికింది 2023 మార్చిలో.

ఇప్పుడు 2016 ఏప్రిల్ 1 గుర్తు తెచ్చుకోండి. ప్రత్యూష బెనర్జీ, 24 ఏళ్లు. 'చిన్నారి పెళ్లికూతురు'లో పెద్దయిన ఆనందిగా మన ఇళ్లలో అందరికీ తెలిసిన ముఖం. ఆమె పోయినప్పుడు కూడా ప్రియుడి మీద ఇదే సెక్షన్ పడింది. అతని మజ్‌హబ్ ఏమిటని ఏ యాంకరూ అడగలేదు. అడగకూడదు కూడా. మరి షీజాన్ విషయంలో ఎందుకు అడిగారు? దీన్ని ఇన్సాఫ్ అంటారా? ఇది జుల్మ్.

ఇక మన వైపు చూద్దాం. వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు నడిచాయి. ఒకటి: "సీరియల్ లోకమే హరామ్, అందులోకి పోతే ఇంతే." ఈ మాట పంపిన భాయీ ఇంట్లోనే ఇషా తర్వాత అమ్మీ, దాదీ, బహూ కలిసి టీవీ ముందు కూర్చుంటారు. చూడ్డానికి లేని హరామ్ ఆ పిల్ల మయ్యత్ మీద గుర్తొచ్చిందా? రెండోది: "మన లడ్కా బేకసూర్." నీకెలా తెలుసు? పేరు చూసి ముజ్రిమ్ అనడం ఎంత తప్పో, పేరు చూసి మాసూమ్ అనడమూ అంతే. కసూర్ ఉందో లేదో తేల్చాల్సింది అదాలత్.

ఇంత షోర్‌లో ఎవరూ వేయని సవాల్ ఒకటుంది. 13 ఏళ్ల పిల్ల కెమెరా ముందు పనికి కుదిరితే ఆమె హిఫాజత్ ఎవరి జిమ్మా? ఆమె పని మొదలుపెట్టిన రెండేళ్లకు, 2017లో, కేంద్రం రూల్స్ తెచ్చింది. 14 నిండని పిల్లలు నటిస్తే రోజుకు 5 గంటలు మించకూడదు, 3 గంటలకోసారి ఆరామ్ ఇవ్వాలి, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో వేయాలి. కాగితం మీద బాగానే ఉంది. సెట్‌కు వెళ్లి గడియారం చూసేదెవరు? రోజూ ఎపిసోడ్ పోవాల్సిన చోట 12 గంటల షిఫ్టు మామూలు మాట. అలాంటి చోట ఒక పిల్ల లోలోపల విరిగిపోతుంటే అడిగే బాధ్యత ఎవరికి రాసిచ్చారు? సీరియల్ మాత్రం ఆగలేదు. కొద్ది వారాలకే కొత్త అలీబాబా వచ్చేశాడు.

ఇది ముంబయి గొడవ అనుకోకండి. హైదరాబాద్‌లో తీసే తెలుగు సీరియళ్లలోనూ పిల్లలు నటిస్తున్నారు. ఫోన్ పట్టుకుని రీల్స్ చేస్తున్న మన బచ్చియాఁ రేపు ఆడిషన్‌కు వెళ్తామంటారు. అప్పుడు మీరు ఫత్వా వెతక్కముందు ఎన్ని గంటల పని, మజ్దూరీ ఎవరి ఖాతాలో పడుతుంది, పక్కన ఎవరుంటారు అని అడగండి. ఇక ఏ బేటీ అయినా దిల్ విరిగి ఇంటికొస్తే ఇజ్జత్ మీద తఖ్రీర్ మొదలుపెట్టకండి. కూర్చోబెట్టి చెప్పేది వినండి, అవసరమైతే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. తునీషాకు ఖాన్‌లూ శర్మల ముఖద్దమా కంటే ముందు కావాల్సింది అదే.