అరచేతి కొలత

నడుము కింద, తొడల మీద, ఎప్పుడూ బట్ట కప్పి ఉండే చోట ఎర్రటి మచ్చ. కొంచెం పొట్టు, కొంచెం దురద. తామర అనుకుంటారు, సోరియాసిస్ అనుకుంటారు. చామనఛాయ ఒంటి మీద అదే మచ్చ తెల్లబారి కనిపిస్తే ఇంట్లోవాళ్లకు బొల్లో, కుష్ఠో అని దిగులు. అది మైకోసిస్ ఫంగాయిడిస్ అనే అరుదైన చర్మ లింఫోమా అని తేలేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి.

క్యాన్సర్ అనగానే గుండె జారుతుంది గానీ, మచ్చలు కొద్దిగా ఉన్నప్పుడే బయటపడితే ఆయుష్షుకు పెద్దగా లోటుండదు. చిక్కంతా అక్కడే. దశాబ్దాలు వెంట ఉండే జబ్బుకు రాసుకునే మందు జబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టకూడదు కదా! స్టెరాయిడ్ పూత త్వరగా ఉపశమనం ఇస్తుంది. ఏళ్ల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడుతుంది. అమెరికాలో 2013లో అనుమతి పొందిన మెక్లోరెథమిన్ జెల్ యుద్ధాల నాటి మస్టర్డ్ గ్యాస్‌కు దగ్గరి చుట్టం. పని చేస్తుంది, కొందరికి చర్మం మండిస్తుంది కూడా.

అందుకే హైపరిసిన్ ఆయింట్‌మెంట్ మీద ఆశ. మచ్చకు రాసి, వెలుతురు సోకకుండా కట్టు కట్టి, మర్నాడు ఆ చోట మామూలు కంటికి కనిపించే కాంతినే ప్రసరింపజేస్తారు. అమెరికాలో 169 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. వారానికి రెండుసార్ల చొప్పున ఆరు వారాల వైద్యం తర్వాత, ఎంచుకున్న మచ్చలు సగమో అంతకు మించో తగ్గినవారు మందు వాడినవారిలో 16 శాతం, మందు లేని ఉత్త పూత రాసుకున్నవారిలో 4 శాతం. పదహారేనా అని పెదవి విరిచేవారుంటారు. కానీ ఈ మచ్చలు వాటంతటవే హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ నాలుగు శాతం లెక్క తెలియనిదే పదహారుకు విలువ లేదు. ఉత్త పూతకు ఒప్పుకుని, వారానికి రెండుసార్లు వచ్చి దీపం కింద కూర్చున్నవారి ఓపిక వల్లే ఆ లెక్క తేలింది. రెండో విడతలో అసలు మందు అందరికీ ఇచ్చారు, అది న్యాయం.

ఈ జబ్బులో కొలిచే తీరూ ముచ్చటైనదే. ఎరుపెంత, పొట్టెంత, మందమెంత అని మచ్చ మచ్చకూ మార్కులు వేస్తారు. ఒంటి మీద మచ్చలు ఎంతమేర పాకాయో చెప్పడానికి రోగి అరచెయ్యే కొలబద్ద: వేళ్లతో సహా ఒక అరచెయ్యి దాదాపు నూటికొక వంతు.

హైపరిసిన్‌కు ఆ ఒక్క పరీక్ష చాలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనడంతో మరో పరీక్ష మొదలైంది. కొత్త పూత మన దాకా రావడం తర్వాతి మాట, ఇక్కడ ముందున్న చిక్కు పాత పూతలతోనే. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. అయినా తామరకని అడిగితే ఆ ట్యూబే చేతిలో పెట్టే మందుల షాపులు ఇప్పటికీ ఉన్నాయి. అది రాస్తే ఈ మచ్చ కొన్నాళ్లు మాసినట్టు కనిపిస్తుంది, బయాప్సీలో చిక్కాల్సిన ఆనవాళ్లూ చెదిరిపోతాయి. దాన్ని ఆపి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు ముక్క తీస్తే తప్ప జబ్బేదో చర్మ వైద్యులు సైతం గట్టిగా చెప్పలేరు.