గోడలో ఉన్న కేబుల్ వైరు కొయ్యకండి

మా ఇంట్లో పెయింటింగ్ మొదలయ్యే ముందు రోజు నాన్న కటింగ్ ప్లేయర్ పట్టుకుని హాల్లో నిలబడ్డారు. టీవీ వెనకాల గోడలోంచి బయటకొచ్చి వేలాడుతున్న నల్ల కేబుల్ వైరుని మొదలంటా కోసేసి, పైన పుట్టీ పెట్టించేద్దామని ఆయన ప్లాన్. "కేబుల్ తీయించేసి రెండేళ్లయింది, ఫైబర్ వచ్చింది, ఇంకా ఈ తోక ఎందుకురా?" అన్నారు. నేను అడ్డం పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నా. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా ఆ తోక ఉండే ఉంటుంది.

మాది కింద ఒక పోర్షన్, పైన ఒకటి. రూటరు కింద హాల్లో, నా గది పైన వెనక మూల. మధ్యలో ఒక స్లాబు, రెండు తొమ్మిదంగుళాల గోడలు. మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు ఆ గదిలో కూర్చునే రాశాను. కెమెరా ఆన్‌లో ఉండాలి, లింకు తెగకూడదు. సగం దాటాక తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరగడం మొదలైంది. మళ్లీ లాగిన్ అయ్యేసరికి "మీ టెస్టు సబ్మిట్ అయింది" అని కనిపించింది. ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా తలనొప్పి అని చెప్పాను.

ఆ కసితోనే ఇంటర్న్‌షిప్ డబ్బులు పెట్టి రెండు డబ్బాల మెష్ వైఫై కొన్నా. ఒకటి రూటరు పక్కన, ఇంకోటి నా గదిలో. ఫోన్లో గీతలన్నీ నిండుగా కనపడ్డాయి. స్పీడు చూస్తే, వంద ఎంబీపీఎస్ ప్లానులో నా గదికి వచ్చేది పదిహేను. సిగ్నల్ ఫుల్లు, స్పీడు నిల్లు.

దీనికి కారణం కాస్త ఆలోచిస్తే మనకే తెలిసేది. ఫోన్లో కనపడే గీతలు ఫోనుకీ, పక్కనున్న డబ్బాకీ మధ్య సంగతి. ఆ పై డబ్బాకి నెట్ ఎక్కడినుంచి వస్తోంది? కింద డబ్బా నుంచి, గాల్లోనే, అదే స్లాబులోంచి. పైగా తక్కువ ధర మెష్‌లలో కింద డబ్బాతో మాట్లాడటానికీ, నా ఫోనుతో మాట్లాడటానికీ ఒకే రేడియో. ఒకరి మాట విని ఇంకొకరికి అందించాలంటే సమయం సగం సగం పంచుకోవాలి. వచ్చిన అరకొర స్పీడులో మళ్లీ సగం పోతుందన్నమాట. ఫ్రెండ్స్ ఇచ్చిన సలహా: మెట్ల మీద మూడో డబ్బా పెట్టు. ఇంకో గాలి వంతెన కట్టమని! నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన స్లాబు ఇళ్లకి మెష్ మంచిదే, కానీ డబ్బాకీ డబ్బాకీ మధ్య తీగ ఉంటేనే. చాలా మెష్ డబ్బాల వెనక లాన్ పోర్టు ఉంటుంది. అందులో తీగ పెడితే గాలి దారి వదిలేసి తీగ దారి పట్టుకుంటాయి. మనలో చాలామంది ఆ పోర్టుని దుమ్ముకి వదిలేస్తాం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గోడ పైపులో క్యాట్-6 లాగించబోయాం. స్ప్రింగు వంపు దగ్గర ఇరుక్కుపోయింది. బయటనుంచి లాగుదామంటే మా వీధి కోతుల సంగతి తెలిసిందే. ఒక్క వైరు మిగలనివ్వవు.

అప్పుడు న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి ఫోన్లో అడిగాడు: "ఒరేయ్, తాతయ్య పై గదిలో టీవీ ఉండేది కదా, దాని కేబుల్ వైరు ఏమైంది?" అమెరికాలో పాత ఇళ్లల్లో కూడా గదిగదికీ టీవీ కోసం వేసిన కోయాక్సియల్ వైరు ఉంటుందట, చాలామంది దాన్నే ఇంట్లో నెట్‌వర్కుకి వాడతారట. ఆ పద్ధతి పేరు మోకా. 2004లో కొన్ని కంపెనీలు కలిసి దీనికోసం ఒక కూటమి పెట్టుకున్నాయి. కేబుల్ టీవీ ఛానళ్లు సుమారు 1000 మెగాహెర్ట్జ్ లోపలే ఉంటాయి. మోకా మామూలుగా 1125 నుంచి 1675 మధ్య నడుస్తుంది. కాబట్టి ఒకే తీగలో టీవీ, నెట్ రెండూ ఒకదానికొకటి అడ్డురాకుండా వెళ్తాయి. 2.5 వెర్షన్ కాగితం మీద 2500 ఎంబీపీఎస్ దాకా మోస్తుంది. చెయ్యాల్సిందల్లా తీగకి ఈ చివర ఒక అడాప్టరు, ఆ చివర ఒకటి పెట్టడమే. అడాప్టరుకి ఒక పక్క కోయాక్స్, ఇంకో పక్క లాన్.

సంక్రాంతికి వస్తూ అన్నయ్య ఒక జత తెచ్చాడు. బిగిస్తే లైటు వెలగలేదు. కేబుల్ బాబాయ్‌ని బతిమాలి పిలిపించాం. మా వీధికి ఇరవై ఏళ్లుగా కేబుల్ వేసిన మనిషి ఆయన. నేరుగా పైన మెట్ల గదిలోకి వెళ్లి, అటక మీద ఒక బూస్టరు, ఒక స్ప్లిట్టరు చూపించారు. స్తంభం నుంచి వచ్చిన లైను అక్కడ రెండుగా చీలి, ఒకటి హాలుకీ, ఒకటి పై గదికీ దిగుతోంది. "బూస్టరు ఒకవైపుకే పంపుతుంది బాబూ, నీ డబ్బాలు రెండువైపులా మాట్లాడుకోవాలి కదా" అన్నారు. స్ప్లిట్టరు మీద 5–1000 అని రాసుంది, అంటే మోకా మొదలయ్యే చోటికి ముందే దాని పని అయిపోయింది. రెండూ తీసేసి, రెండు వైర్లనీ ఒక జాయినర్‌తో కలిపి, తుప్పు పట్టిన కనెక్టర్లు కోసి కొత్తవి వేశారు. లైటు వెలిగింది. నా గదిలో స్పీడు తొంభై దాటింది.

నాకు సిగ్గనిపించిన సంగతి ఒకటుంది. ట్రాన్స్‌మిషన్ లైన్స్ పేపరు రాసినవాణ్ణి. 75 ఓమ్ లైను చివర ఖాళీగా వదిలేస్తే అల వెనక్కి తిరిగొస్తుందని స్మిత్ చార్టు మీద గీసి మార్కులు తెచ్చుకున్నా. అదే 75 ఓమ్ లైను మా గోడలో ఉంటే దాన్ని తోక అనుకున్నా. బాబాయ్ మాత్రం వెళ్తూ వెళ్తూ "వాడని చివరలుంటే టెర్మినేటరు పెట్టుకో, లేకపోతే సిగ్నల్ గంతులేస్తుంది" అని చెప్పి మరీ వెళ్లారు.

అందరూ ఇదే చెయ్యండని అనట్లేదు. డిష్ టీవీ నడుస్తున్న వైరు మీద ఇది కుదరదు. డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది కాబట్టి రెండూ ఢీకొంటాయి. అపార్ట్‌మెంట్‌లో అయితే మీ వైరు కారిడార్ స్ప్లిట్టరు దగ్గర పక్కింటి వాళ్లతో కలిసి ఉండొచ్చు. అక్కడ విడదీయకుండా మొదలుపెడితే మీ నెట్‌వర్కు వాళ్ల గోడలోకి కూడా వెళ్తుంది. అడాప్టర్ల జత అమెరికాలోనే వంద డాలర్ల పైన. పైపు ఖాళీగా ఉంటే నిస్సందేహంగా క్యాట్-6 లాగించుకోండి, చవక, మెరుగు కూడా. ఇల్లు కడుతుంటే ఇంకేం, ఇప్పుడే మేస్త్రీకి చెప్పి ప్రతి గదికీ విడిగా ఒక పైపు వేయించండి. నేను చెప్పేది ఇల్లు కట్టేసి, పైపులు బిగుసుకుపోయి, పాత కేబుల్ వైరు మాత్రం మిగిలిన మాలాంటి వాళ్లకి.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. మధ్యలో ఉన్న స్ప్లిట్టరు తీసేయండి, అది ఉంటే రీడింగు మోసం చేస్తుంది. గదిలో వైరు చివర లోపలి రాగి తీగనీ, చుట్టూ ఉన్న జాలీనీ చిన్న వైరు ముక్కతో కలపండి. రెండో చివర మల్టీమీటరు కంటిన్యుటీలో పెట్టండి. బీప్ వస్తే రెండూ ఒకే వైరు చివరలు. ఇప్పుడు ఆ ముక్క తీసేయండి, బీప్ ఆగిపోవాలి. ఆగకపోతే ఎవరో క్యాలెండర్ కోసం కొట్టిన మేకు లోపల వైరులో దిగి ఉంటుంది.