విమానాశ్రయం కౌలులో ఊరి వాటా ఏది?

సంత ఆశీలు పాట ఎట్లా సాగుతుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. పంచాయతీ పాట పెడుతుంది. పాడుకున్నవాడు కట్టవలసింది కట్టి, గంపకింత, బండికింత అని వసూలు చేసుకుంటాడు. స్థలం మాత్రం ఊరిదే. భోగాపురం విమానాశ్రయం వ్యవహారం పెద్ద ఎత్తున ఇటువంటిదే. నేల ప్రభుత్వం సేకరించి ఇచ్చింది. 2020 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం జీఎంఆర్ సంస్థ విమానాశ్రయం కట్టి 40 ఏళ్లు నడుపుకుంటుంది. మరో 20 ఏళ్లు పొడిగించే వీలు కూడా ఉంది. ప్రయాణికుడొక్కరికి 303 రూపాయల చొప్పున ప్రభుత్వానికి ఇస్తామని చెప్పి ఆ సంస్థ పాట దక్కించుకుంది. సంత పాట ఏడాదితో తీరిపోతుంది. ఈ పాట మళ్లీ వచ్చేసరికి ఇప్పుడు భూమి ఇచ్చినవారి మనుమలు పెద్దవారవుతారు.

విమానాశ్రయం అనగానే మనకు విమానమే కనబడుతుంది. నడిపేవారికి కనబడేది అదొక్కటే కాదు. విమానం దిగినందుకు, నిలిచినందుకు, ప్రయాణికుడు వాడుకున్నందుకు తీసుకునే రుసుములు పెద్ద విమానాశ్రయాలలో కంపెనీ ఇష్టం వచ్చినట్టు పెంచుకునేవి కావు. 2008 చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ ఆ రేట్లు నిర్ణయిస్తుంది. కాని కాఫీ దుకాణం అద్దె, ప్రకటన బోర్డులు, హోటలుకిచ్చిన జాగా బేరం మీద సాగుతాయి. 2016 నాటి విమానయాన విధానం ప్రకారం ఈ రాబడిలో 30 శాతాన్ని ప్రయాణికుల రుసుముల భారం తగ్గించడానికి లెక్కలోకి తీసుకోవాలి. మిగిలిన 70 శాతం జోలికి ఆ లెక్క పోదు. కనుకనే ఏ విమానాశ్రయ కంపెనీ అయినా టెర్మినల్ బయటి ఖాళీ నేలను అంత ఆశగా చూస్తుంది. అందుకు తప్పు పట్టవలసిన పని లేదు, వ్యాపారమంటే అదే. కౌలుదారు ఇచ్చే మారుకౌలులో ఎవరికేమి ముట్టుతుందో ముందుగా అడగకపోవడమే తప్పు.

ఢిల్లీ సంగతి చూడండి. అక్కడి విమానాశ్రయాన్ని 2006లో జీఎంఆర్ నాయకత్వంలోని సంస్థకు అప్పగించారు. భూమికి ఏటా కట్టవలసిన కౌలు 100 రూపాయలు. ఒక దుక్కిటెద్దుకు రెండు పూటల మేత కూడా రాదు ఆ డబ్బుకు! అందులో వాణిజ్యానికి విడిచిన 239.95 ఎకరాలు 58 ఏళ్లలో 1,63,557 కోట్ల రూపాయలు రాబట్టగలవని 2012లో కాగ్ నివేదిక లెక్కకట్టింది. కంపెనీ, పౌర విమానయాన శాఖ ఆ లెక్కను ఒప్పుకోలేదు. రాబడిలో 45.99 శాతం ప్రభుత్వ రంగ సంస్థకే పోతున్నదని, 58 ఏళ్ల తరువాతి రూపాయిని నేటి రూపాయితో కలిపి కూడటం తగదని వాదన వచ్చింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. (మన శంషాబాదు ఒప్పందంలో అదే వాటా 4 శాతం మాత్రమే.) ఎవరి లెక్క ఒప్పయినా, నేల పోయిన ఊళ్ల పేర రెండింటిలోనూ ఒక్క పద్దు లేదు.

భోగాపురంలో పోయినది బీడు నేల కాదు. జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు పెరిగిన నేల. అభ్యంతరాలు, ఆందోళనలు, కోర్టు కేసులు నడిచాక విస్తీర్ణం తగ్గి, సుమారు 2,200 ఎకరాలు కంపెనీకి అప్పగించారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాలు లేచిపోయి, నాలుగు వందల వరకు కుటుంబాలు కొత్త కాలనీలకు తరలాయి. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. పరిహారం ఒకసారి ముట్టింది, ఖర్చయింది. తోట ఉండగా ఏటా కాపు వచ్చేది. ఆ ఏటేటి కాపు స్థానంలో ఇప్పుడు ఏమి ఉన్నదని ఆ కుటుంబాలు అడిగితే జవాబు చెప్పేవారు కావాలి.

జవాబు లేని ప్రశ్న కాదిది. 1999లో ప్రారంభమైన కొచ్చి విమానాశ్రయానికి దాదాపు 1,300 ఎకరాలు తీసుకున్నారు. అక్కడా ఎనిమిది వందలకు పైగా కుటుంబాలు ఇళ్లు వదలవలసి వచ్చింది, అక్కడా గొడవలయ్యాయి. కాని నిర్వాసితులకు టాక్సీలు నడుపుకునే అవకాశం, విమానాశ్రయంలో పనులు కల్పించారు. కేరళ ప్రభుత్వమే ఆ కంపెనీలో పెద్ద వాటాదారు కావడం వల్ల మాట చెల్లింది. అందరికీ అందిందని అనలేము. అయినా ఇల్లు పోయినవాడు తన ఊరి నేల మీదనే బండి తిప్పుకుని బ్రతకగలిగాడు.

మన దగ్గర కంపెనీ ప్రైవేటుది. దానిని బ్రతిమాలి సాధించేది కొద్ది. అసలు భూస్వామి స్థానంలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వమే నోరు విప్పాలి. టాక్సీలు, బండ్ల నిలుపుదల, సిబ్బంది క్యాంటీను, తోటపని, శుభ్రత వంటి పనులను ఇకముందు ఎవరికి మారుకౌలుకిచ్చినా, అందులో కొంత భాగం నిర్వాసితుల సహకార సంఘాలకు చెందాలన్న షరతు పెట్టించాలి. హోటళ్లు, గిడ్డంగులు లేచినప్పుడు వాటి మీద పన్ను ఎవరు వసూలు చేస్తారో, పంచాయతీలకు ఎంత వస్తుందో ఇప్పుడే కాగితం మీద తేల్చాలి. పారిశ్రామికవాడలలో ఏపీఐఐసీ పన్ను వసూలు చేసి స్థానిక సంస్థకు కొంత వాటా ఇచ్చే పద్ధతి ఉండనే ఉంది. తీరాన రొయ్య పిల్లల హేచరీలున్నాయి, లోపల మామిడి ఉంది. సరుకుల గిడ్డంగిలో చిన్న రైతు పది పెట్టెలకూ చోటు దొరికేటట్టు అద్దె రేట్లు ఉండాలి.

ఇదంతా అడగాలంటే ముందు ఒప్పందంలో ఏమున్నదో తెలియాలి కదా. వందల పుటల ఇంగ్లీషు కాగితం సర్పంచి బల్ల మీద పెట్టి చదువుకోమంటే కుదరదు. భూమికి సంబంధించిన షరతులన్నీ తెలుగులో రాయించి చుట్టుపక్కల పంచాయతీ కార్యాలయాలలో ఉంచవలసిన బాధ్యత జిల్లా కలెక్టరుది. ఆ పిమ్మట కంపెనీని, నిర్వాసితులను ఒకచోట కూర్చోబెట్టే సభ పెట్టాలి. ఆ సభ విశాఖ హోటలులో కాదు, భోగాపురంలోనే జరగాలి.